ముందుకొచ్చిన చెయ్యి

మా ఇంటి తలుపు దగ్గర ఒక స్టేషన్ మాస్టరు ఉంటాడు. ఈ పేరు నేను పెట్టింది కాదు, నేను పనికి చేరకముందే ఎవరో పెట్టారు. నీలం టోపీ పెట్టుకుని, నడవని చేతిగడియారం కట్టుకుని, పొద్దున్నే వచ్చి తలుపు పక్కన నిలబడతాడు. ఎవరైనా లోపలికొస్తే గడియారం చూసుకుని "వచ్చింది" అంటాడు. బయటికెళ్తే "వెళ్ళింది" అంటాడు. మనిషైనా, పాల బండైనా, పక్కింటి పిల్లైనా ఆయనకొకటే. మా మేనేజరు కొత్తగా వచ్చిన రోజున కూడా తలుపు తీసి "వచ్చింది" అన్నాడు. మేనేజరు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి మాస్టారి మీద గౌరవం పెరిగింది.

మా ఇల్లు అన్నానే గానీ అది నా ఇల్లు కాదు. అందులో మాస్టారితో కలిపి నలుగురు ఉంటారు. నలుగురికీ నలభై దాటింది, కానీ చదువూ లెక్కా మాటా అందరికీ వచ్చినట్టు వాళ్ళకి రాలేదు. అది ఆశ్రమం కాదు, ఆస్పత్రి అంతకంటే కాదు. ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులో ఉంటుంది. అద్దె కాగితం మీద వాళ్ళ వేలిముద్రే పడుతుంది. మేమే వాళ్ళింటికి పనికెళ్తాం. వండుకోవడానికి, స్నానానికి, బస్సెక్కడానికి, మందులు వేళకి వేసుకోవడానికి మేం తోడు. చేసిపెట్టడం కాదు, తోడుండడం. చేరిన రోజున ఈ ఒక్క ముక్కా మూడు సార్లు చెప్పారు నాకు.

నేను అంతకుముందు పద్నాలుగేళ్ళు ఆస్పత్రి వార్డులో ఆయాగా చేశాను. అక్కడ ఎనిమిదింటికల్లా ముప్ఫైమందికి ముఖాలు కడిగి, దుప్పట్లు మార్చి, నోట్లో ఇంత పెట్టేస్తే మంచి ఆయా. ఇక్కడ మాస్టారు తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకునేదాకా చేతులు కట్టుకుని నిలబడితే మంచి ఆయా. ఆరు బొత్తాలకి పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. మొదటి నెలంతా నా వేళ్ళు దురద పెట్టి చచ్చాయి. నాకసలే ఓపిక తక్కువ. పాలు పొంగేదాకా ఆగలేక పొయ్యిని తిట్టే రకం అంటాడు మా ఆయన.

అలాంటి నేను తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చానంటే అది మాస్టారి చలవే. కోపం రాదు, పేచీ పెట్టడు, నోట్లో నాలుక లేదు. ఆయనకున్న మాటలు ఐదో ఆరో. వచ్చింది, వెళ్ళింది, అక్క, నీళ్ళు, సరే. వీటిలో సరే అన్నది రోజుకి నలభై సార్లు వినపడుతుంది. నాకంటే ఐదేళ్ళు చిన్న. వారానికి మూడు రోజులు ఆస్పత్రి బట్టలుతికే చోటికి వెళ్ళి తువ్వాళ్ళు మడతపెట్టొస్తాడు. యంత్రంలోంచి వేడివేడిగా వచ్చిన తువ్వాలుని ముందు చెంపకి ఆనించుకుని, తర్వాత మూలకి మూల కలిపి మడుస్తాడు. ఆయన మడిచిన దొంతర పక్కన ఇంకెవరి దొంతరైనా వంకరగా కనిపిస్తుంది.

ఇక అట్టల సంగతి. మాట రాని మనిషికి ఏది ఇష్టమో ఎలా తెలుస్తుంది? దానికి బొమ్మలున్న అట్టలు ఉంటాయి. టీ బొమ్మ ఒక అట్ట, పాల బొమ్మ ఒక అట్ట. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని, ఎదురుగా కూర్చుని, "చూసుకో మాస్టారూ, నీ ఇష్టం" అనాలి. ఆయన ఏది ముట్టుకుంటే అది ఇవ్వాలి. చొక్కా రంగు, పొద్దున రొట్టా గుడ్డా, షికారుకి పార్కా లైబ్రరీయా, అన్నీ అంతే. తర్వాత ఇష్టాల పుస్తకంలో ఎక్కించాలి. అందులో రెండే గడులు. అడిగినవారు, ఎంచుకున్నది. అడిగినవారు అన్న చోట ఎప్పుడూ నా సంతకమే.

తొమ్మిదేళ్ళలో పదకొండు పుస్తకాలు నిండాయి. తనిఖీకి వచ్చినావిడ వాటిని తిరగేసి, "ఒక మనిషి ఇష్టాయిష్టాలు ఇంత వివరంగా రాసిన ఇల్లు నేనింతవరకు చూడలేదమ్మా" అంది. ఆ ఏడాది మా ఇంటికి పై మార్కులు వచ్చాయి. ఆ కాగితాన్ని చట్రం కట్టించి హాల్లో తగిలించారు. దాని కింద నుంచి వెళ్ళినప్పుడల్లా నేను కొంచెం పొడుగయ్యేదాన్ని. మాస్టారికి టీ ఇష్టం, పసుపు చొక్కా ఇష్టం, ఉడికిన గుడ్డు ఇష్టం, పార్కు ఇష్టం. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను అనుకునేదాన్ని.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి.

మొదటిది, ఊరికి ఆ చివర మా సంస్థే కొత్త భవనం కట్టింది. అందులో ఒక్కరుండే ఫ్లాట్లు, ఎవరి వంటిల్లు వాళ్ళకి. మాస్టారి చెల్లెలి ఇల్లు అక్కడికి రెండు స్టాపుల దూరం. "అన్నయ్యకి ఒకటి ఇవ్వండి, రోజూ వచ్చి చూసుకుంటాను" అని ఆవిడ కాగితం పెట్టుకుంది. మేనేజరు సరేనన్నాడు, కానీ చెల్లెలి ఇష్టంతో అయ్యే పని కాదు, మాస్టారే ఎంచుకోవాలి. నెలాఖరులోపు తేలకపోతే ఆ ఫ్లాటు ఇంకొకరికి పోతుంది. వెళ్ళాడా, ఇక్కడి గదిలోకి వేరేవాళ్ళు వస్తారు, మళ్ళీ వెనక్కి రావడం ఉండదు. మూడో గురువారం అందరం కూర్చుని, ఈ ఇంటి తలుపు బొమ్మా ఆ ఇంటి తలుపు బొమ్మా చూపించి ఆయన్నే అడుగుదామన్నారు.

నేను ఇంటికెళ్ళి మా ఆయనతో పోట్లాడాను, ఏ కారణమూ లేకుండా. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఆయన అన్నాడు. నిజమే, ఎందుకో నాకే తెలియలేదు.

రెండోది, పొద్దుటి పూటకి కొత్తావిడ చేరింది. పాతికేళ్ళు బట్టలు కుట్టి, కళ్ళు సహకరించక ఈ పనిలోకి వచ్చింది. మేమంతా దర్జీ అనే పిలుస్తాం. నెమ్మదైన మనిషి, చేతులు చురుకు. ఆవిడ చేరిన వారానికి నేను ఇష్టాల పుస్తకం తెరిచి చూద్దును కదా, అంతా తలకిందులు. పొద్దున పాలు. నీలం చొక్కా. రొట్టె. పార్కుకి బదులు లైబ్రరీ. వరసగా ఏడు రోజులు అలాగే ఉంది. సాయంత్రం నేనడిగితే మళ్ళీ టీ, మళ్ళీ పసుపు.

చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్య నీలం చొక్కా వేసుకుని కనిపించాడేంటక్కా? ఒంట్లో బాలేదా?" మేనేజరు కూడా కంగారుపడ్డాడు. ఉన్నట్టుండి ఇష్టాలు తారుమారైతే ఏదో జబ్బుకి గుర్తు కావచ్చట, డాక్టరుకి చూపించమన్నాడు. డాక్టరు నాడి చూసి, కళ్ళు చూసి, నాలుక చూసి, మనిషి గుండ్రాయిలా ఉన్నాడన్నాడు. మాస్టారు "సరే" అన్నాడు.

నాకు దర్జీ మీదే అనుమానం. వంటింట్లో నిలదీశాను. "ఏమ్మా, నీకు పాలు కాచడం సులువని ఆయనకి అంటగడుతున్నావా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నేనెందుకు అంటగడతానక్కా? మీరు చెప్పినట్టే రెండూ పట్టుకుంటున్నా, ఆయనే ముట్టుకుంటున్నాడు. కావాలంటే రేపు పొద్దున్నే వచ్చి చూడండి."

మర్నాడు నా వంతు కాకపోయినా వెళ్ళాను. ఆవిడ కూర్చుంది, అట్టలు పట్టుకుంది, "మీ ఇష్టమండీ" అంది. మాస్టారు పాలు ముట్టుకున్నాడు. నాకు తప్పేమీ కనపడలేదు. మళ్ళీ చేయమన్నాను. ఈసారి చొక్కాలు. నీలం. మూడోసారి చేయమన్నప్పుడు ఆవిడే అట్టలు కిందికి దించి, "అక్కా, మీకొకటి చెప్పనా, కోప్పడరు కదా?" అంది.

"కోప్పడతాను. చెప్పు."

"ఈయన అట్టల వైపు చూడట్లేదు. నా చెయ్యి చూస్తున్నాడు."

దర్జీది ఎడమచేతి వాటం. కత్తెర ఎడమ చేత్తోనే పడుతుంది. అట్టలు పట్టుకున్నా ఆ చెయ్యే ఓ బెత్తెడు ముందుకొస్తుంది. నాది కుడిచెయ్యి ముందుకొస్తుంది. ఏ చెయ్యి ముందుకొస్తే మాస్టారు దాన్ని ముట్టుకుంటున్నాడు. అంతే సంగతి.

నేను నమ్మలేదు. తొమ్మిదేళ్ళ పని మీద నిన్నగాక మొన్న వచ్చిన మనిషి ఒక మాట అంటే నమ్ముతామా? అట్టలు లాక్కున్నాను. పెట్టెలో వెతికి పళ్ళ డాక్టరు కుర్చీ బొమ్మ ఒకటి, ఐస్‌క్రీం బొమ్మ ఒకటి తీశాను. మాస్టారికి పళ్ళ డాక్టరంటే ప్రాణభయం. పోయినేడాది ఆ మెట్ల మీద కూర్చుండిపోతే ముగ్గురం బతిమాలాం. ఆ కుర్చీ బొమ్మని కుడిచేత్తో ముందుకి పెట్టాను. ఐస్‌క్రీంని ఎడమ చేతిలో కాస్త వెనక్కి పట్టుకున్నాను.

ఆయన నా చెయ్యి చూశాడు, నా ముఖం చూశాడు. చేయి చాపి కుర్చీని ముట్టుకున్నాడు. "సరే" అన్నాడు. లేచి టోపీ సర్దుకుని, బూట్లు వేసుకుని, వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆయన్ని వెనక్కి తీసుకొచ్చి ఐస్‌క్రీం పెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయనకి ఎందుకిచ్చామో తెలియదు, అయినా తిన్నాడు. దర్జీ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "చెప్పేద్దామక్కా మేనేజరుగారికి" అంది. "ఆగు, నన్ను ఆలోచించుకోనీ" అన్నాను.

ఆలోచించుకోవడానికి ఏముంది? ఉంది. పదకొండు పుస్తకాలున్నాయి. ఆ మధ్యాహ్నం వాటిని ముందేసుకుని కూర్చున్నాను. పసుపు, పసుపు, పసుపు. పసుపు నాకిష్టమైన రంగు. నా చీరలు సగం అవే. టీ ఎందుకు? టీ ఎలాగూ నలుగురికీ కాస్తాం, పాలంటే విడిగా గిన్నె పెట్టాలి. గుడ్డు ఎందుకు? ఉడకేసి వదిలేస్తే నా పని నేను చూసుకోవచ్చు. పార్కు ఎందుకంటే అక్కడ బెంచీ మీద కూర్చుంటే నా కాళ్ళకి హాయి. కావాలని చేశానా? ఒట్టు, చేయలేదు. ఏది సిద్ధంగా ఉంటే అది కుడిచేతిలోకి వచ్చేది, కుడిచెయ్యి ముందుకొచ్చేది. మరి కావాలని చేయకపోతే పదకొండు పుస్తకాల్లో ఒక్కసారైనా లైబ్రరీ ఎందుకు లేదు? అది నాకిప్పటికీ బోధపడదు.

ఇంకా అయోమయం ఏమిటంటే, ఆయనకి టీ ఇష్టం లేదని కూడా నేను చెప్పలేను. తాగి కప్పు అడుగు కూడా నాకేవాడు. మరి పాలిస్తే పాల గ్లాసూ నాకుతున్నాడు. తొమ్మిదేళ్ళు పక్కన తిరిగిన మనిషి గురించి నాకు తెలిసింది ఏమిటని లెక్క వేసుకుంటే, తువ్వాలు వేడిగా ఉండగా చెంపకి ఆనించుకుంటాడన్నది ఒక్కటే మిగిలింది. అది ఎవరూ అడగకుండా చేసే పని.

మూడు రోజులు నోరు మెదపలేదు. మేనేజరు ఎదురుపడి "ఏంటమ్మా అలా ఉన్నావ్?" అంటే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు "ఏం లేదు సార్, నేనేం చేయలేదు" అనేదాన్ని. హాల్లో చట్రం కింద నుంచి వెళ్ళడం మానేసి, పెరటి దారిన తిరిగాను.

నాలుగోరోజు గురువారం. హాల్లో మేనేజరు, మాస్టారి చెల్లెలు, దర్జీ, నేను. మాస్టారు పసుపు చొక్కాలో నా ఎదురుగా కూర్చున్నాడు. మేనేజరు రెండు ఫొటోల అట్టలు నా చేతికిచ్చాడు. ఒకటి మా ఇంటి చెక్క తలుపు, ఒకటి కొత్త భవనం గాజు తలుపు.

"నువ్వే అడుగమ్మా. నీ దగ్గరైతేనే చనువుగా చెప్తాడు" అన్నాడు.

ఒక్క క్షణం ఆలోచించండి. నా చేతిలో రెండు తలుపులున్నాయి. కుడిచెయ్యి బెత్తెడు ముందుకి జరిపితే మాస్టారు జీవితాంతం ఇక్కడే ఉంటాడు. పుస్తకంలో ఆయన ఇష్టమనే పడుతుంది, తనిఖీ ఆవిడ కూడా మెచ్చుకుంటుంది. చెక్క తలుపు ఏ చేతిలో ఉందో తెలుసా? కుడిచేతిలో. నేను పెట్టలేదు, అదే వచ్చి కూర్చుంది. దర్జీ నా చేతుల వైపే చూస్తోంది. మాస్టారూ నా చేతుల వైపే చూస్తున్నాడు, ఎప్పటిలాగే, ఏం చెప్తే అది చేయడానికి తయారుగా.

రెండు అట్టలూ బల్ల మీద పడేసి, చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఉన్నదంతా చెప్పేశాను. టీ, పాలు, పళ్ళ డాక్టరు, పసుపు చీరలు, అన్నీ.

మేనేజరు ఇష్టాల పుస్తకం అందుకుని తిరగేశాడు. తర్వాత "అంటే ఈ పుస్తకాలన్నీ..." అని ఆగిపోయాడు. చట్రం వైపు చూశాడు. ఆయన తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు.

మాట్లాడింది చెల్లెలు. ఆవిడ నామీద విరుచుకుపడుతుందనుకున్నాను. తల దించుకుని చెప్పింది. "అది మీరు నేర్పింది కాదక్కా. మా అమ్మ నేర్పింది. చుట్టాలిళ్ళకి వెళ్ళేటప్పుడు దారిపొడుగునా చెప్పేది. ఎవరేది ముందుకి చాపితే అది తీసుకో, వెనకున్నదాని జోలికి పోకు, సరే అను అని. అన్నయ్య పేచీ పెడితే మళ్ళీ మమ్మల్ని పిలవరని ఆవిడ భయం. పాపం, పిలిచేవాళ్ళే తక్కువ." అన్నయ్య వైపు చూసి, "నేనూ అలాగే అడిగానేమో. కొత్త ఇంటికి వస్తావా అన్నయ్యా అంటే సరే అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో" అంది.

అట్టలు బల్ల మీదే ఉన్నాయి. "మాస్టారూ, చూసుకో, నీ ఇష్టం" అన్నాను, చేతులు వెనకే పెట్టుకుని. ఆయన అట్టల్ని చూడలేదు. నా చేతులు ఎక్కడున్నాయా అని నా పక్కకి వంగి చూశాడు. కనపడలేదు. దర్జీ చేతుల కోసం చూశాడు. ఆవిడ ఒళ్ళో దాచుకుంది. అందరం చేతులు దాచుకుని కూర్చున్నాం, దొంగల్లా. చివరికి ఆయనే రెండు అట్టలూ తీసుకుని, మూలకి మూల కలిపి, చొక్కా జేబులో పెట్టుకుని, వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

అడగడం మానేద్దామని నిర్ణయమైంది. నెలాఖరుకి ఇంకా పది రోజులుంది. మూడుసార్లు కొత్త ఇంటికి తీసుకెళ్ళి, ఏమీ అడక్కుండా, ఆయన ఏం చేస్తాడో చూసి రాద్దాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గానీ, ఇంకో దారి తోచలేదు.

నాకు లోపల ధీమాగానే ఉంది. ఆయన ప్రాణమంతా తలుపులో ఉంది. ఆ కొత్త భవనానిది దానంతటదే తెరుచుకునే గాజు తలుపు. ఎవరూ తీయక్కర్లేదు, ఎవరూ వేయక్కర్లేదు. స్టేషన్ మాస్టరు ఉద్యోగం ఊడిపోతుంది, ఒక్క పూటలో ముఖం తిప్పుకుంటాడు అనుకున్నాను.

మొదటిరోజు ఆ తలుపు ముందు నిలబడ్డాడు. అది తెరుచుకుంది. ఒకడుగు వెనక్కి వేశాడు. అది మూసుకుంది. ముందుకి వేశాడు, తెరుచుకుంది. గడియారం చూసుకున్నాడు. "వచ్చింది" అన్నాడు తలుపుతోనే. అలా నలభై నిమిషాలు. లోపలికి రమ్మంటే రాడు, బయటికి పోదామంటే రాడు. అది సంతోషమో, అయోమయమో, తలుపు తన మాట వినట్లేదన్న దిగులో నాకు తెలియలేదు. రెండోరోజు ఫ్లాటులోకి వచ్చి కిటికీ దగ్గర కూర్చుని ఏమీ ముట్టుకోలేదు. మూడోరోజు చెల్లెలు తెచ్చిన కప్పులన్నీ కడిగి, కడిగినవే మళ్ళీ కడిగాడు.

చూసినవాళ్ళం ముగ్గురం, విడివిడిగా రాశాం. ఆనందంగా ఉన్నాడని చెల్లెలు రాసింది. బెంగగా ఉన్నాడని నేను రాశాను. నలభై నిమిషాలు తలుపు దగ్గర నిలబడ్డాడు, కప్పులు రెండుసార్లు కడిగాడు అని దర్జీ రాసింది. మేనేజరు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని తల పట్టుకున్నాడు. "ముగ్గురూ వెళ్ళింది ఒక్క మనిషితోనేనా?" అన్నాడు.

నెలాఖరుకి రెండు రోజులుందనగా, మధ్యాహ్నం నాలుగింటికి, నేను వంటింట్లో టీ కోసం నీళ్ళు పడుతున్నాను. పాల గిన్నె కూడా విడిగా పెట్టాను, ఈ మధ్య రెండూ పెడుతున్నాను. మాస్టారు వచ్చాడు. కుర్చీ లాగాడు, నా భుజం మీద చెయ్యి వేసి అందులో కూర్చోబెట్టాడు. తను ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు, మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా, నేను కూర్చునేటట్టే. జేబులోంచి అట్టలు తీశాడు. మడతలు పడకుండా ఎంత భద్రంగా దాచాడో. ఒక్కో చేతిలో ఒక్కోటి పట్టుకున్నాడు.

"నీ ఇష్టం" అన్నాడు.

ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. తొమ్మిదేళ్ళుగా నేనన్నదే, నా గొంతులాగే కాస్త సాగదీసి అన్నాడు. అంటూ ఒక చెయ్యి ముందుకి చాపాడు. బెత్తెడు కాదు, మూరెడు. ఆ చేతిలో గాజు తలుపు ఉంది.

ఆట ఆడుతున్నాడేమో? ఏ చెయ్యో పొరపాటున ముందుకొచ్చిందేమో? నా బుద్ధి పోనిచ్చుకోలేదు. ఆయన చేతుల్లోంచి అట్టలు తీసి, అటుదిటు ఇటుదటు మార్చి పెట్టాను. ఇప్పుడు ముందుకొచ్చిన చేతిలో మా చెక్క తలుపు ఉంది. ఆయన వాటిని చూశాడు. ఈసారి అట్టల్నే చూశాడు. ఆ చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుని, రెండో చెయ్యి నా ముక్కుకి తగిలేదాకా చాపాడు. మళ్ళీ గాజు తలుపు.

"నీ ఇష్టం అక్క."

మేం ఆయనకి నేర్పిన అడగడం అదే మరి. అడిగేవాళ్ళకి ఏది కావాలో, ఆ చెయ్యి ముందుకొస్తుంది. ఎదుటివాళ్ళు దాన్ని ముట్టుకోవాలి. తనంతట తాను పక్కింట్లోకి కూడా పోని మనిషి, నన్ను వదిలి వెళ్తానని ఇంత పద్ధతిగా చెప్తున్నాడు. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఎందుకు వెళ్తానంటున్నాడు? తలుపు కోసమా, చెల్లెలి కోసమా, తనకంటూ ఒక వంటిల్లు కోసమా? నాతో విసిగిపోయాడా? అడగడానికి నా దగ్గర బొమ్మ లేదు. ఆయన చెయ్యి మాత్రం అలాగే చాపి ఉంది, నొప్పెడుతున్నా దించకుండా, నేను ముట్టుకునేదాకా.

ముట్టుకున్నాను.

"సరే" అన్నాను.

ఆయన లేచి గూట్లోంచి ఇష్టాల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు, పెన్సిలు పక్కన పెట్టాడు. పొయ్యి మీద పాలు పొంగి కారుతున్నాయి, చూసీ లేవలేదు. ఎంచుకున్నది అన్న గడిలో కొత్త ఇల్లు అని రాశాను. అడిగినవారు అన్న గడిలో నా సంతకం పెట్టబోయి ఆగి, అక్కడ మాస్టారి పేరు రాశాను.